కుజుమి గారు ఇవాళ ఎవరు?

పాట రికార్డింగు ఉన్న రోజున కుజుమి గారు ఇంట్లోంచి కుజుమి గారుగా బయలుదేరరు. ఆ పాట ఏ పాత్రదైతే ఆ పాత్రగానే బూట్లు తొడుక్కుని, ఆ పాత్రగానే రైలెక్కి, ఆ పాత్రగానే స్టూడియోలో అడుగుపెడతారు.

టోక్యోలో బొమ్మల సీరియళ్ళకు గొంతు ఇచ్చే నటులందరికీ ఈ పని ఉన్నదే. పాత్రకు పేరొస్తే, ఆ పాత్రే పాడినట్టుగా పాటలు కూడా పాడాలి. మిగతావాళ్ళు మైకు ముందు నిలబడ్డాక పాత్రలోకి దిగుతారు. అరవై మూడేళ్ళ కుజుమి గారు మాత్రం పొద్దున పళ్ళు తోముకుంటూనే దిగిపోతారని, మళ్ళీ పైకి ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదని సౌండు ఇంజనీరు సుమిరె అభిప్రాయం. పదకొండేళ్ళుగా, నలుగురు కలిసి పాడే పెద్ద గదిలో ఆయన పాటలు రికార్డు చేస్తున్నది ఆమే.

నాలుగేళ్ళ యువరాజుగా పాడాల్సిన రోజున, భోజనం డబ్బాలో క్యాప్సికం ముక్కలు కనబడగానే ఆయన మూతి ముడుచుకుని బల్ల కింద దూరారు. బతిమాలి బయటికి రప్పించేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి, సుమిరె తన కోసం దాచుకున్న పుడ్డింగు కూడా పోయింది.

దెయ్యంగా పాడాల్సిన రోజున లిఫ్టు ముందు ముప్పావుగంట నిలబడిపోయారు. దెయ్యం చేతికి వస్తువులు తగలవు కదా, మరి బటన్ ఎలా నొక్కడం? రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ జాలిపడి, ఏ అంతస్తుకు వెళ్ళాలని అడిగింది. "నేను మీకు కనబడుతున్నానా?" అన్నారు కుజుమి గారు సంతోషంగా. ఆవిడ పంటినొప్పి సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

ఈ వేషాలన్నీ మైకు ముందు వేస్తే చాలదా అని సుమిరె ఒకసారి గట్టిగానే అడిగింది. ఆ రోజు ఆయన పిల్లి. ఆమెను ఎగాదిగా చూసి, మణికట్టుతో మొహం తుడుచుకుని, పక్కకు తిరిగి పడుకున్నారు.

మినోరి వచ్చిన రోజున ఆయన రాక్షసరాజు. భార్య నల్ల శాలువా భుజాన వేసుకుని, ఆఫీసులో కనబడ్డవాడినల్లా బంటూ అని పిలుస్తూ, అందరి బల్లల మీది బిస్కెట్లూ కప్పం కింద వసూలు చేశారు. ఇల్లు విడిచి వెళ్ళిన రాకుమారి తిరిగి వచ్చినప్పుడు తండ్రీ కూతుళ్ళు కలిసి పాడే పాట అది. కూతురు మినోరి. ఇరవయ్యేళ్ళ పిల్ల, మైకు ముందు పాడటం అదే మొదలు. మొదటిసారి గొంతు వణికింది. ఐదోసారికి అసలు పెగల్లేదు.

నిర్మాత ఒగాత సుమిరె దగ్గరికి వచ్చి, మూడింటికల్లా పాడటం వచ్చిన ఇంకో అమ్మాయిని పిలిపిస్తానని మెల్లగా అన్నాడు. పాట పోతే వెనకాలే ఆ పిల్లకు రాకుమారి వేషమూ పోతుంది. గదిలోకి మాట వెళ్ళే మీట నొక్కే ఉందని సుమిరె చూసుకునేసరికే ఆలస్యమైంది. అద్దం అవతల మినోరి మొహం తెల్లగా పాలిపోయింది.

రాక్షసరాజు శాలువా సర్దుకుని లేచాడు.

"ఒరే ఒగాతా, నా కూతురు ఏడేళ్ళ తర్వాత ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి నాన్నా అని పిలుస్తోంది. గొంతు వణకదా?"

"వణకొచ్చు కుజుమి గారూ. శ్రుతి తప్పకూడదు గదా."

"కుజుమి ఎవడు?"

మినోరి ఆపుకోలేక ముక్కుతో నవ్వింది. ఆయన ఆమె వైపు తిరిగారు.

"నువ్వు పాడొద్దు తల్లీ. తలుపు తట్టి నన్ను పిలువు, అంతే. తలుపు తీశాక సంగతి నేను చూసుకుంటా."

ఆమె పిలిచింది. వణుకు ఉంది గానీ శ్రుతి నిలబడింది. అది జారబోయిన ప్రతిచోటా ఆయన గొంతు కింది నుంచి వచ్చి ఆసరా ఇచ్చింది. ఒగాత రెండుసార్లు విని, మూడింటికి ఎవరినీ పిలవక్కర్లేదన్నాడు.

మర్నాడు భోజనాల దగ్గర సుమిరె ఇదంతా తోకుదాకు చెప్పింది. పై అంతస్తు చిన్న గదిలో ఒక్కరే పాడే పాటలు రికార్డు చేసేది అతనే. అతను తెల్లబోయాడు. కుజుమి గారు తన గదికి వస్తే టీ తాగుతారట, నడుంనొప్పి గురించి మాట్లాడతారట, రెండుసార్లు పాడి వెళ్ళిపోతారట. "అంత మామూలు మనిషిని నేను చూళ్ళేదు," అన్నాడు.

సుమిరె ఆ సాయంత్రం పదకొండేళ్ళ రికార్డింగు కాగితాలు ముందేసుకుంది. యువరాజు రోజున ఒక కొత్త గొంతు. దెయ్యం రోజున ఇద్దరు. పిల్లి రోజున ఒకరు. ఆయన వేషాలేసిన ప్రతిరోజూ మొదటిసారి మైకు ముందుకొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఆ గదిలో ఉన్నారు. అందరూ పిల్లిని చూస్తుంటే, కొత్తవాళ్ళ వణికే చేతుల్ని చూసే తీరిక ఎవరికుంటుంది?

ఆయన ఒంటరిగా పాడే రోజు చూసి పై గదికి వెళ్ళి, విషయం తెలిసిపోయిందని చెప్పింది. కుజుమి గారు టీ కప్పు కింద పెట్టారు.

"ఎవరికీ చెప్పకమ్మా. తెలిస్తే నవ్వడం మానేసి గౌరవించడం మొదలుపెడతారు. ఇక నేనెందుకూ పనికిరాను."

రెండు వారాల తర్వాత ఇంకో కొత్తమ్మాయి వచ్చింది. పది దాటినా కుజుమి గారు రాలేదు. ఒగాత గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాడు. అమ్మాయి పాట కాగితాన్ని చెమట చేతులతో నలిపేస్తోంది. సుమిరె కిటికీలోంచి కిందికి చూసింది. వీపు మీద గుండ్రటి పెద్ద సంచీతో, గోడకు ఆనుకుని, ఆయన అంగుళం అంగుళం జరుగుతూ వస్తున్నారు. ఇవాళ పాట నత్తది.

రికార్డింగు పదకొండింటికి మార్చానని ఒగాతకు చెప్పి, ఆమె అమ్మాయిని పిలిచింది. "ఇలా రా. నీతో పాడే ఆయన వస్తున్నారు చూడు."

అమ్మాయి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "పోస్టు డబ్బా దాటారండీ," అంది కాసేపటికి, నవ్వుకు భుజాలు అదురుతుండగా.

సుమిరె రెండు కుర్చీలు లాక్కొచ్చి కిటికీ దగ్గర వేసింది. పోస్టు డబ్బా నుంచి గుమ్మం దాకా ఇంకా చాలా దూరం ఉంది.