ఫుమికి జ్వరం రాలేదు

ఉరాబె తదాకి గారిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయనకి నలభై ఆరేళ్లు. టోక్యోలో మా యానిమేషన్ స్టూడియో మీటింగు గదిలో, చలికోటు విప్పకుండా ఓ మూల కూర్చున్నారు. అచ్చాఫీసులో పనిచేస్తూ సెలవు రోజుల్లో గీసిన మాంగా, అంటే బొమ్మల కథ, ఆయనది. అవోమొరి తీరాన ఒక చిన్న రేవులో జాలరి కుటుంబం కథ. పుస్తకాలు బాగా అమ్ముడుపోయాక టీవీ వాళ్లు అడిగారు. ప్రతి సన్నివేశాన్నీ ముందుగా చిన్న చిన్న బొమ్మల్లో వేసి చూపించే పని నాది.

మూడో పుస్తకంలో, సాకే సారా సీసా పగలగొట్టిందని ఎనిమిదేళ్ల ఫుమిని తండ్రి చేపల ఐసు గదిలోకి నెట్టి గడియ వేస్తాడు. "తీశావంటే నువ్వూ అందులోకే" అని కొడుకుతో చెప్పి, తాగిన మత్తులో నిద్రపోతాడు. అన్న తలుపు ముందు నిలబడే ఉంటాడు, లోపల్నించి తట్టే చప్పుడు ఆగిపోయేదాకా. వాడు అలా నిలబడ్డ పదకొండు పేజీల్లో ఒక్క మాట ఉండదు.

"మాస్టారూ, మనది ఆదివారం సాయంత్రం ఐదున్నర" అన్నాడు నిర్మాత ఇసోబె. "పిల్లలు అన్నం తింటుంటారు. ఐసు గది వద్దు, జ్వరం అందాం. తండ్రి పాపని వీపున వేసుకుని మంచులో ఆసుపత్రికి పరిగెడతాడు. దారిలోనే పాప పోతుంది. జనం ఏడుస్తారు."

ఉరాబె గారు అన్నారు, "ఏదైనా మార్చుకోండి. ఆ తలుపు ఒక్కటి ఉంచండి."

"తలుపు వెనకేముందని అడుగుతారు కదండీ" అని నవ్వాడు ఇసోబె.

నేను ఇసోబె అడిగినట్టే గీశాను. తండ్రి కనురెప్పల మీద మంచు కూడా పెట్టాను. అది చూసి ఏడ్చామని ఉత్తరాలు వచ్చాయి.

ప్రసారమైన వారానికి ఉరాబె గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఆ సన్నివేశం గీసింది మీరేనా?"

"నేనేనండి."

"బాగా గీశారు. మా అమ్మ ఫోన్ చేసింది. 'చూశావా, మీ నాన్న అలాగే మోసుకెళ్లాడు, నువ్వే మర్చిపోయావు' అంది."

ఫుమి ఆయన సొంత చెల్లెలని అప్పుడు తెలిసింది నాకు.

"డాక్టరు చావు కాగితం మీద జ్వరమనే రాశాడు" అన్నారు. "రేవంతా తెలుసు, ఎవరూ కాదనలేదు. ఆ కాగితం అబద్ధమని చెప్పడానికే నేను పుస్తకం గీశాను. మీరు మళ్లీ జ్వరమే రాశారు."

గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కనీసం తర్వాత అమ్మే డిస్కులోనైనా తలుపు పెడదామని ఇసోబెని అడిగాను. కుదరదన్నాడు. నా పేరు తీసెయ్యమన్నాను. తీసేసి ఇంకొకరి పేరు వేశారు. బొమ్మ మాత్రం అదే. ప్రచురణకర్తలు మూడో పుస్తకాన్ని టీవీకి తగ్గట్టు మార్చమంటే ఉరాబె గారు ఒప్పుకోలేదు. దాన్ని మళ్లీ అచ్చు వెయ్యలేదు.

రెండేళ్లకి ఆయన తల్లి పోయింది. అంత్యక్రియలకి ఆ రేవుకి వెళ్లాను. అగరుబత్తి వెలిగించి కూర్చుంటే, ఉరాబె గారి ముసలి బాబాయి ఒకాయన నా పక్కకి జరిగాడు.

"వీడి తండ్రి కూతురి కోసం మంచులో పరిగెత్తిన మనిషమ్మా. టీవీలో కూడా చూపించారు."

ఉరాబె గారు వింటూనే ఉన్నారు.

"పరిగెత్తలేదండి" అన్నాను. "అది నేను గీసిన బొమ్మ."

ఎవరో ఆవిడ ఖాళీ కాని కప్పుల్లోనే మళ్లీ టీ పోసింది. "టోక్యో వాళ్లకేం తెలుసులే" అని ముసలాయన అటు తిరిగిపోయాడు.

ఉరాబె గారు నన్ను స్టేషను దాకా దిగబెట్టారు.

"మీరు అనకుండా ఉండాల్సింది" అన్నారు. మళ్లీ ఆయనే, "ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట అన్నది మీరొక్కరే."

అచ్చాఫీసు మానేసి అక్కడే ఉండిపోయారు. చేపల వేలంలో పెట్టెలు తూకం వేస్తున్నారట. మళ్లీ బొమ్మలు గీయలేదని విన్నాను.