భీమేశ్వరరావు గారి బంగారు ఖాతా

కువైట్‌లో పదకొండేళ్ళు మెకానిక్‌గా బతికిన నేను చాలామంది మోసగాళ్ళను చూశాను. వీసాలు అమ్ముకున్న వాళ్ళు, లేని ఉద్యోగాలకు డబ్బు గుంజిన వాళ్ళు, ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కొట్టిస్తామని పాస్‌పోర్టు పట్టుకుని మాయమైన వాళ్ళు. వాళ్ళెవరికీ టై లేదు. భీమేశ్వరరావుకు ఉండేది. తారు కరిగి చెప్పులకు అంటుకునే ఎండల్లో కూడా దాన్ని మెడకు బిగించుకుని తిరిగేవాడు.

ఆయనది కాకినాడ పక్క పల్లె. సబ్హాన్‌లో ఒక గిడ్డంగుల కంపెనీలో హెడ్ క్లర్కు. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలడు, అరబ్బీలో అర్జీ నింపగలడు. మాలాంటి వాళ్ళకు అంతకంటే ఏం కావాలి? పెద్దమనిషి అనుకున్నాం.

పై దేశాల్లో జనం ముసలితనానికి దాచుకునే ఖాతాల్లో బంగారం కూడా పెట్టుకుంటారని ఆయన ఎక్కడో చదివాడట. 1984లో అలాంటిదే మాకోసం మొదలుపెట్టాడు. దాని పేరు ‘స్వర్ణ విశ్రాంతి ఖాతా’. నెలకు ఐదు దీనార్లు కట్టాలి. ఆయన ఆ డబ్బుతో బంగారం కొని బ్యాంకు లాకర్లో పెడతాడు, మా పుస్తకంలో గ్రాములు రాస్తాడు. యాభై ఐదేళ్ళు నిండేదాకా ముట్టుకోకూడదు. పచ్చ అట్ట పుస్తకం మీద పేరు తెలుగులో, ఇంగ్లీషులో, హోదా కోసం అరబ్బీలో కూడా అచ్చువేయించాడు. నలభై మంది చేరాం. డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. నేనూ చేరాను. తెలివైనవాణ్ణని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

గంగులమ్మది రాయచోటి దగ్గర పల్లె. మొగుడు పోయాక సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరింది. జీతం ముప్ఫై దీనార్లు. అందులోంచి ఐదు ఆరేళ్ళపాటు ఒక్క నెల తప్పకుండా కట్టింది. ఒక శుక్రవారం అర్దియాలో భీమేశ్వరరావు గదికి అందరం డబ్బు కట్టడానికి వెళ్ళినప్పుడు ఆమె నోరు విప్పింది.

“సార్, మా బంగారు ఒగసారి సూపీండి. సూసి మళ్ళా ఆడనే పెట్టేద్దురు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నది ఆయనే.

“చూడమ్మా, చేతికేసుకుని ఊపుకునేదాన్ని నగ అంటారు. ఖాతాలో ఉండేదాన్ని పొదుపు అంటారు. నీకు నాలుగక్షరాలు వచ్చుంటే ఈ తేడా తెలిసేది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. గంగులమ్మ ఐదు దీనార్లూ బల్ల మీద పెట్టి, పుస్తకం కొంగులో ముడేసుకుని వెళ్ళిపోయింది.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. గంగులమ్మ పనిచేసే ఇంటివాళ్ళు సెలవులకు లండన్ వెళ్ళి ఉన్నారు. ఇంట్లో ఆమె, డ్రైవర్ అన్వర్ బాషా మిగిలారు. సైనికులు వచ్చి ఏసీలు ఊడబీకారు, తివాచీలు చుట్టుకుపోయారు, చివరికి వంటింట్లో బియ్యం డబ్బా కూడా వదల్లేదు. సూక్‌లో, అంటే బజారులో, బంగారు అంగళ్ళ షట్టర్లు వంకర తిరిగి వేలాడుతున్నాయని బాషా చూసొచ్చి చెప్పాడు.

మూడో వారంలో మన వాళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తారని కబురొచ్చింది. గంగులమ్మ, బాషా, నేను భీమేశ్వరరావు గదికి పోయాం. ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు. టై ఉంది.

“బంగారం లాకర్లో ఉంది. బ్యాంకు ముందు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. వెళ్ళి అడగండి, ఎవరొద్దన్నారు?” అన్నాడు. “యుద్ధం అయిపోయాక నేనే వచ్చి గ్రాముతో సహా లెక్క అప్పజెప్తాను. మాట మీద నిలబడే మనిషిని.”

ఏం చేస్తాం? అందరం ఒకే బస్సెక్కాం. మా ఖాతాదారులు పన్నెండు మంది ఉన్నారు అందులో.

బాగ్దాద్ దాటిన మర్నాడు మధ్యాహ్నం, ఎడారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర సైనికులు బస్సు ఆపి అందర్నీ దించారు. గడియారాలు, రేడియోలు ఏరుకున్నారు. భీమేశ్వరరావు బ్రీఫ్‌కేసును వదలకుండా పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు. అలా నిలబడితే ఎవడికైనా అనుమానం వస్తుంది. ఒక సైనికుడు లాక్కుని తెరిచాడు. లోపల మా ఖాతాల పెద్ద పుస్తకం. దాని అట్ట మీద కూడా అరబ్బీలో హోదా కోసం వేయించుకున్న మాట ఒకటుంది కదా: ‘దహబ్’, అంటే బంగారం. సైనికుడు పేజీలు తిప్పాడు. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. మూడు కిలోల చిల్లర.

“దహబ్ వేన్?” అన్నాడు. బంగారం ఎక్కడ?

భీమేశ్వరరావు టై సర్దుకున్నాడు. పెట్టె బోర్లించారు. చొక్కా విప్పించారు. బూట్ల మడమలు కత్తితో కోశారు. ఏమీ దొరకలేదు. ఎక్కడో పాతిపెట్టాడని వాళ్ళకు నమ్మకం కుదిరింది. కువైట్‌కు తిప్పి తీసుకుపోయి తవ్విస్తామంటూ రెక్క పట్టుకుని జీపు వైపు ఈడ్చారు. అప్పుడు ఊడింది ఆయన నోటి తాళం.

“మాకూ దహబ్!” అని అరిచాడు. బంగారం లేదు. “కాగితం మాత్రమే! ఎప్పుడూ కొనలేదు! ఒక్క గ్రాము కూడా కొనలేదు! ఆ డబ్బుతో మా ఊళ్ళో భూమి కొన్నాను!”

వచ్చిన అరబ్బీ అంతా వాడేశాడు. మా పన్నెండు మందికీ ఆ మాత్రం అరబ్బీ వచ్చు. అన్నదమ్ముల్ని నమ్మక తన దగ్గరే పెట్టుకున్న దస్తావేజును బ్రీఫ్‌కేసు అడుగునుంచి తీసి, సైనికుడి ముఖం ముందు ఆడించాడు. సైనికుడికి తెలుగు స్టాంపు కాగితం ఏం అర్థమవుతుంది? దాన్ని విసిరికొట్టి మళ్ళీ లాగాడు.

ఆరేళ్ళు మా ముందు కళ్ళజోడు తుడుచుకున్న మనిషి ఇసుకలో మోకాళ్ళ మీద పడి, ముక్కు కారుతూ, టై వీపు మీదికి తిరిగిపోయి ఏడుస్తున్నాడు. మాలో ఒక్కరూ కదల్లేదు. నాకైతే జాలి కలగలేదు. తీసుకుపోనీ అనుకున్నాను.

గంగులమ్మ కదిలింది. ముందు వంగి ఆ దస్తావేజు తీసి జాకెట్టులో దోపుకుంది. తర్వాత సైనికుడి దగ్గరికి పోయింది. యజమానురాలి వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ ఆమెది, గడగడా వస్తుంది.

“అయ్యా, వీని దగ్గర గోరంత బంగారు గూడా ల్యా. వీడు పచ్చి అబద్ధాలకోరు. నా కూలి తిన్నాడు, వీళ్ళందరి కూలి తిన్నాడు. బంగారు కొనే మొగోడైతే మాతో ఈ బస్సులో ఎందుకుంటాడు? సూడు వీని మొగం.”

అని తన పచ్చ పుస్తకం తీసి చూపించింది. మేమూ ఒక్కొక్కరం పుస్తకాలు పైకెత్తాం. సైనికుడు మా ముఖాలు చూశాడు, కింద ఉన్న ముఖం చూశాడు, పగలబడి నవ్వాడు. మిగతా సైనికులకు సంగతి చెబితే వాళ్ళూ నవ్వారు. ఒకడు భీమేశ్వరరావు నెత్తి మీద పుస్తకంతో ఒక్కటిచ్చి, దాన్ని రెండుగా చింపి గాలికి వదిలేశాడు. “యల్లా” అన్నారు, ఇక పొమ్మని. బస్సెక్కాం.

కాసేపటికి ఆయన ముందు సీటు మీంచి వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

“నా ప్రాణం కాపాడావమ్మా. ఈ రుణం...”

“నీ పానం నాకెందుకురా?” అంది గంగులమ్మ. “నువ్వు సస్తే ఆ భూమి రిజిస్ట్రీ ఎవుడు సేస్తాడు? ముందుకు తిరుగు.”

జోర్డాన్ ఎడారిలో డేరాల్లో తొమ్మిది రోజులున్నాం. నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడల్లా ఇద్దరు క్యూలో నిలబడితే ఇద్దరు భీమేశ్వరరావుకు కాపలా ఉండేవాళ్ళు. భూమి అమ్మి నలభై మందికీ పంచుతానని ఆయన పేరుతో నేను ఒప్పందం రాశాను, ఆయన సంతకం చేశాడు. బొంబాయి విమానాశ్రయంలో బాత్రూమ్‌కని చెప్పి పారిపోబోతే అన్వర్ బాషా కాలరు పట్టుకుని తెచ్చాడు. పారిపోయి ఏం చేసేవాడు పాపం? దస్తావేజు గంగులమ్మ జాకెట్టులో ఉంది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కాకినాడ రిజిస్ట్రార్ ఆఫీసులో భూమి అమ్మించాం. ఎవరు కట్టింది వాళ్ళకు రమారమి వచ్చింది, వడ్డీ తప్ప. కనిపించని వాళ్ళ వాటాలు వాళ్ళ ఊళ్ళకు మనియార్డర్లు చేశాం. గంగులమ్మ నోట్లు రెండుసార్లు చూసుకుని నడుముకు కట్టుకుంది.

సిగ్గున్నవాడైతే అక్కడితో ఇంటికి పోయేవాడు. భీమేశ్వరరావు ఆఫీసు మెట్ల మీద గొంతు సవరించుకున్నాడు. చెక్‌పోస్టు దగ్గర విరిగితే అతికించుకున్న కళ్ళజోడు తీసి తుడుస్తూ మొదలుపెట్టాడు.

“ఇప్పుడైనా ఆలోచించండి. నేను మీరన్నట్టు బంగారమే కొని లాకర్లో పెట్టుంటే ఏమయ్యేది? వాళ్ళు లారీల్లో ఎత్తుకుపోయేవాళ్ళు. నేను భూమిలో పెట్టబట్టి కదా ఇవాళ మీ చేతికి డబ్బొచ్చింది! దూరదృష్టి అంటే ఇదీ. ఎవరో ఒకరు గుర్తించకపోతారా?”

అందులో కొంత నిజం ఉంది. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

“వాళ్ళు దోసకముందే నువ్వు దోసినావు గాబట్టి మిగిలిందంటావు. అంతే గదా?” అంది గంగులమ్మ.

ఆయన ఆలోచించాడు. “ఒక రకంగా చెప్పాలంటే అంతే,” అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఇంత శ్రమపడ్డందుకు తనకేమైనా కమీషన్ ముట్టజెప్తారా అని అడిగాడు.

గంగులమ్మ ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది. రోడ్డు పక్క బడ్డీలో ఒక టీ చెప్పింది. చిల్లర తనే ఇచ్చింది. భీమేశ్వరరావు గ్లాసు అందుకుని, వేడిగా ఉందని ఊదుకుంటూ తాగాడు.