గడప దాటని నౌకరీ

ఇంట్లోనే కూర్చుని పని చెయ్యమని సేఠ్ అన్న రోజు నాకు తోచింది ఒకటే. వీడు నన్ను తెలివిగా సాగనంపుతున్నాడు.

సూరత్‌లో ఆ సేఠ్ మిల్లులో చీరల డిజైన్లు గీసేవాణ్ణి. మగ్గం మీదికి పోయే ముందు ప్రతి పువ్వూ, ప్రతి అంచూ గళ్ళ కాగితం మీద నా చేతిలోంచే రావాలి. ఆ ఏడు మా డిజైన్లు మేం నేయకముందే వేరేవాళ్ళ చీరల మీద కనిపించసాగాయి. "ఆఫీసులో పది కళ్ళున్నాయి. ఇంట్లో గీసి తెచ్చి నా చేతిలో పెట్టు. ఈసారి బయటికి పోతే మాత్రం నీ మొహం చూపించకు" అని సేఠ్ హిందీలో తేల్చేశాడు.

ఇంట్లో పనంటే నాకేం తెలుసు? ఉన్నది ఒకటే గది. మొదటి రోజు ప్యాంటూ చొక్కా తొడుక్కుని చాప మీద కూర్చుంటే నా భార్య ఒకటే నవ్వు.

"ఇంట్ల కూసునెటానికి గీ సోకేంది?"

నాకు ఒళ్ళు మండింది. తలుపూ కిటికీ మూసేశాను. చెమట కారి కాగితం మీద రంగు పారేది. "నౌకరీ పోయిందా భాయ్?" అంటూ గల్లీవాళ్ళు పరామర్శకొచ్చేవాళ్ళు. పరామర్శా పాడా! కాగితాలు చూడటానికే వస్తున్నారనుకునేవాణ్ణి. చెప్పుల చప్పుడైతే చాలు, కాగితం చాప కిందికి తోసేవాణ్ణి. పని ముగిశాక పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాణ్ణి. సాయంత్రం దాకా గడప దాటింది లేదు.

అందరిలోకీ నా బామ్మర్ది మీదే నా కన్ను. ఊరి బయట పల్సానాలో వేరే సేఠ్ దగ్గర మగ్గాలు నడిపేవాడు. సెలవు రోజున మటన్ పట్టుకుని వచ్చేవాడు.

"బావా, ఏం గీస్తున్నవ్? జర సూడనియ్యరాదు."

"నీకెందుకు?"

"నేనేమన్న ఎత్కపోతనా?" అని నవ్వాడు. ఎందుకు నవ్వాడో అని రెండు రోజులు అదే ఆలోచన.

నెల తిరగలేదు, సేఠ్ పిలిపించి ఒక చీర నా ముందు పారేశాడు. అంచు నిండా నేను ఇంట్లో గీసిన హంసలే. సరుకు వేరేవాళ్ళది. "ఎవడు?" అన్నాడు. ఈ పని పోతే నాకు ఇంకో పని చేతకాదు. బామ్మర్ది పేరు చెప్పేశాను. కాగితం ఎత్తుకుపోతుంటే కళ్ళారా చూసినట్టే చెప్పాను.

సేఠ్‌లు ఫోన్లు చేసుకున్నారు. మూడో రోజుకల్లా వాడికి మగ్గం లేదు. దొంగ అన్న మాట పాకిపోయి ఎవరూ పనిలో పెట్టుకోలేదు. మా గుమ్మంలో నిలబడి, "నీ కాగితాలు నేను ముట్టలే బావా. మీ సేఠ్‌కు ఓ మాట చెప్పరాదు" అన్నాడు. "సిగ్గు లేదారా? నడువ్" అన్నాను. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు కొత్త డిజైన్ ఇవ్వడానికి, చాలా రోజుల తర్వాత పొద్దున్నే బయటికొచ్చాను. వాకిట్లో ముగ్గు. చూస్తే, నిన్న ముగించిన మామిడిపిందెల అంచు! ఒక్క గడి తప్పలేదు. ఎదురింటి అరుగు మీద చాయ్ తాగుతూ ఒకడు దాన్నే చూస్తున్నాడు. వాడూ నాలాగే ఇంకో సేఠ్ దగ్గర డిజైన్లు గీసేవాడు.

"హంసలు గూడ ఏసినవా?" అని నా భార్యను అడిగాను.

"ఎన్నడో ఏసిన. నువ్వు గీస్తుంటె ఎదురుంగనే కూసుంట గద. గళ్ళున్న కాడ సుక్కలు పెట్టిన, గంతే. గల్లీ ఆడోళ్ళంత మస్తు మెచ్చుకున్నరు" అంది. ఆమె ముఖంలో గర్వం తప్ప ఇంకేమీ లేదు.

ముగ్గును చెప్పుతో చెరిపేశాను. డిజైన్ తీసుకెళ్ళి సేఠ్‌కు ఇచ్చాను. "ఇక భయం లేదు కదా?" అన్నాడు. "లేదు సేఠ్" అన్నాను.

ఆ వారమే బామ్మర్ది ఊరికి బయల్దేరాడు. స్టేషన్‌కు నేనే వెళ్ళి సీటు చూసి కూర్చోబెట్టాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వలు నమ్మకున్న మంచిదే, నువ్వన్న నమ్ము బావా" అన్నాడు. రైలు కదిలేదాకా వాడు ఆ చెయ్యి వదలలేదు.