మేము ఆ వాలంటీర్లం కాదు

వీపున పెద్ద అక్షరాలతో ‘వాలంటీర్’ అని రాసి ఉన్న ఆకుపచ్చ టీషర్టు ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. స్కూటరు తుడవడానికి వాడుతున్నాను. ఎన్నిసార్లు ఉతికినా ఆ అక్షరాలు చెరగడం లేదు. మంచి అచ్చు.

అది నా చేతికి వచ్చింది కుందూ ఏటికి వరద వచ్చిన ఏడాది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, పెద్ద రోడ్డు దిగి కొంత లోపలికి పోతే ఒక ఊరుంది. ఒకపక్క ఏరు, ఒకపక్క వంక. రెండు వైపుల నుంచీ నీళ్ళు వచ్చాయి. ఏటి పక్క వరి మొత్తం పోయింది. ఇళ్ళ గోడల మీద నడుమెత్తున మట్టి గీత మిగిలింది. ఊళ్ళో బడి ఐదో తరగతి వరకే. హైస్కూలు వంక అవతలి ఊళ్ళో. వంక మీది కల్వర్టు కొట్టుకుపోవడంతో పిల్లల్ని తీసుకుపోయే ఆటో ఆగిపోయింది. నీళ్ళు తగ్గాక మగపిల్లలు వంకలో దిగి పోతున్నారు. ఆడపిల్లల సంగతి ఎవరూ చెప్పడం లేదు.

నేను నంద్యాలలో ఒక దినపత్రికకు చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేశాను. ఆ ఊళ్ళ దారులు తెలుసు. అందుకని వరద బాధిత గ్రామాల్లో పిల్లల చదువుకు సాయపడతామని బయల్దేరిన ఒక సంఘం వాళ్ళు నన్ను వెంట రమ్మన్నారు. దాన్ని నడిపేది ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. ముప్పై దాటని యువకుడు, కష్టజీవి. సొంత ఖర్చుతో తిరిగేవాడు. అతన్ని చెడ్డవాడని తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

టీషర్టుల మీద మొదట ఇంగ్లిషులో వేయిద్దామనుకున్నారట. పల్లె జనానికి అర్థం కావాలని తెలుగు అక్షరాల్లో వేయించారు. అర్థమైంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా రాష్ట్రంలో కొన్నేళ్ళపాటు వాలంటీర్ అంటే ఒక్కటే అర్థం. ఒకటో తారీఖున తెల్లారకముందే తలుపు కొట్టి, మిషను మీద వేలు పెట్టించుకుని, పింఛను చేతిలో పెట్టే గవర్నమెంటు మనిషి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏ పథకం వస్తుందో, ఎవరికి ఎందుకు ఆగిపోతుందో ఆ మనిషికి తెలుసు. తరువాత ఆ ఏర్పాటు పోయింది గానీ ఆ మాటకున్న అర్థం మారలేదు.

మేము జీపు దిగీదిగగానే ఒక అవ్వ ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చేసింది. బొటనవేలు ముందుకు చాచింది.

“ముందు నా యేలు తీసుకోప్పా. నిలబడలేను.”

“అవ్వా, మేము ఆ వాలంటీర్లం కాదు” అన్నాడు లెక్చరరు.

“మరి ఏ వాలంటీర్లు?”

“పిల్లల చదువు కోసం వచ్చినాము.”

“ఈ వయసులో నాకేం చదువు నాయనా? యేలు తీసుకో. నీళ్ళలో నానిపోయింది, మిషన్లో పడతాదో లేదో సూడు.”

వెనక నుంచి ఒకామె, “మిషను తేలేదంటనే అవ్వా, ఉత్త చేతుల్తో వచ్చినారు” అంది. ఊరు ఊరంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ సంగతి అక్కడికి అయిపోయిందనుకున్నాం.

తరువాత ఇల్లిల్లూ తిరిగి అడిగారు, పిల్లలు బడికి పోతున్నారా అని. పాల కేంద్రం పక్కింటి ఆమె వాకిట్లో నానిపోయిన బియ్యం ఆరబోస్తూ ఉంది. కూతురు పదో తరగతి.

“పాప బడికి పోతోందా అమ్మా?”

“పోతాంది సార్.”

“వంక ఎట్లా దాటుతోంది?”

“ఎట్లనో పోతాంది సార్. దినామూ పోతాంది.”

ప్రతి ఇంట్లోనూ అదే జవాబు. కల్వర్టు లేదు, ఆటో లేదు, అయినా ఊళ్ళో ప్రతి ఆడపిల్లా దినామూ బడికి పోతోంది.

తిరిగి వస్తుంటే రోడ్డు వారగా మెరక చేలో విత్తనపత్తి కనిపించింది. మెరక కాబట్టి వరదకు తప్పింది. అందులో పనిని మా వైపు క్రాసింగ్ అంటారు. సాయంత్రం ఒక రకం మొక్కల మొగ్గల్ని బొటనవేలి గోటితో చీరి లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున ఇంకో రకం పూలు తెచ్చి వాటి పుప్పొడి అంటించాలి. సన్నటి వేళ్ళు కావాలి కాబట్టి ఆడపిల్లల్నే పిలుస్తారు. సాళ్ళలో లంగాల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని పిల్లలు వంగి ఉన్నారు. జీపు చూడగానే ఇంకా కిందికి వంగారు.

“చూడప్పా, దినామూ బడికి పోయే పిల్లలు” అన్నాను.

లెక్చరరు చూశాడు. “అంకుల్, తల్లులే పోతాండారని చెప్తాంటే మనం కాదని ఎట్లంటాం?” అన్నాడు.

పిల్లలు బడికి పోతున్నారు కాబట్టి వాళ్ళకు కావలసింది బ్యాగులు అని తేల్చారు. బ్యాగులు, ఆదివారం పొద్దున ఒక ట్యూషన్. ఆదివారం పొద్దున పుప్పొడి అంటించే వేళ అని చెప్పాను. పూలకు ఆదివారం సెలవు లేదన్నాను. “మావాళ్ళందరికీ ఉండేది అదొక్కటే సెలవు అంకుల్” అన్నాడు. అదీ నిజమే. ఇన్ని నిజాల మధ్య నాకు తల దిమ్మెక్కింది.

బ్యాగుల పంపిణీ ఒక ఆదివారం జరిగింది. షామియానా వేశారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. పాల కేంద్రం పక్కింటి ఆమె కూతురి బ్యాగు కోసం తానే వచ్చింది. పిల్లే రావాలి, ఫొటో ఉంటుంది అన్నారు. ఎవరో చేలోకి పరిగెత్తి పిల్చుకొచ్చారు. ఆ పిల్లను నేను దగ్గరగా చూడటం అదే మొదలు. కాళ్ళకు నల్లరేగడి మోకాళ్ళ దాకా. బొటనవేలి గోరు పొడుగ్గా పెంచి ఉంది, దాని చివర పచ్చటి పసరు. బ్యాగు అందుకుంది. అతిథి తల నిమిరి, “చదువు మాత్రం మానొద్దు తల్లీ” అన్నాడు. సరేనని తలూపింది. ఫొటో అయ్యాక బ్యాగు తల్లికిచ్చి చేలోకి వెళ్ళిపోయింది. నోటు పుస్తకాలు, నీళ్ళ సీసా, పెన్నుల పెట్టె అన్నీ ఉన్నాయి ఆ బ్యాగులో. వరదలో తడిసి ముద్దయిన పదో తరగతి లెక్కల పుస్తకం తప్ప.

మర్నాడు బస్సెక్కి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆమె వాకిట్లోనే కూర్చుని సూటిగా అడిగాను. చాలాసేపు నా చొక్కా వంక చూసింది.

“ఆ పచ్చ చొక్కా వేసుకోలేదేం?”

“నాది కాదమ్మా అది. నేను పేపర్లో పనిచేసినోణ్ణి.”

“ఆ మాట మొదలే చెప్పాల్సింది గదన్నా. వాలంటీర్ అని వీపున రాసుకొనొచ్చి, పిల్ల బడికి పోతాందా అని అడిగితే ఎవురన్నా పోలేదంటారా? బడికి పోతేనే వచ్చే పథకం తీసేయరూ? అంత తెలివి లేదనుకుంటివా మాకు?”

అంత సులువైన సంగతి. ఇన్నేళ్ళు ప్రశ్నలు అడగడమే పనిగా బతికినవాణ్ణి, నా పక్కనే నిలబడి అడుగుతున్న ప్రశ్న ఎవరి నోటి నుంచి వస్తున్నట్టు వాళ్ళకు వినిపిస్తోందో నాకూ తట్టలేదు.

అప్పుడు చెప్పింది. వరి పోయింది, క్రాసింగ్ ఒక్కటే ఆధారం. డిసెంబరు దాకా ఆ పని ఉంటుంది, ఆ తరువాత పత్తి తీయడం. పిల్ల మార్చిలో పరీక్ష రాస్తానంటోంది. రాయనీ. కానీ తప్పితే మటుకు ఇంక బడి మాట ఎత్తకూడదని ఒప్పందం.

పిల్ల మధ్యాహ్నం అన్నానికి వచ్చింది. “నాకు లెక్కలొగటే రావు సార్. తక్కినవి నేనే చదువుకుంటా. మధ్యాన్నం మాత్రం పనుండదు, రెండు గంటలు కాళీనే” అంది. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు తలుపు పక్కన నిలబడి వింటున్నారు.

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? లెక్చరరుకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఎవరొస్తారంకుల్ అన్నాడు. అందరికీ ఉద్యోగాలు. చివరికి సంఘంలోనే ఒకమ్మాయి వస్తానంది. ఆళ్లగడ్డలో ఉంటుంది, బీఈడీ చేసి టీచరు పోస్టుల పరీక్షకు చదువుకుంటోంది. పాల కేంద్రం పొద్దునా సాయంత్రం తప్ప తెరవరు, మధ్యాహ్నం దాని వసారా ఖాళీ. అక్కడ చాప వేసి మొదలుపెట్టింది. మామూలు చీర, భుజాన గుడ్డసంచి, పాత లెక్కల పుస్తకం. పిల్లలు చేతులు కడుక్కుని వచ్చేవాళ్ళు, తింటూనే లెక్కలు చేసేవాళ్ళు. నేను ఎప్పుడైనా వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు నిద్ర ఆపుకోలేక ఒక పిల్ల తూగితే, “ఏమ్మే, సున్నా చుట్టమంటే సున్నాలో పడుకున్యావే” అని ఆ టీచరమ్మ ఎత్తిపొడిచింది. పిల్లలు పగలబడి నవ్వారు. మా పిల్ల మటుకు తల ఎత్తలేదు, లెక్క మధ్యలో ఉంది.

క్లాసు బాగా జరుగుతోందని లెక్చరరుకు తెలిసింది. సంతోషించాడు. అదే మా కొంప ముంచింది. సంఘం చేస్తున్న మంచి పని నలుగురికీ తెలియాలని ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ బలగంతో దిగాడు. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు. వసారాలో ఫొటోలు తీశారు. అంతటితో ఆగలేదు. పిల్లలు ఎంత కష్టపడి చదువుతున్నారో చూపించాలని చేలోకి దిగి, సాళ్ళ మధ్య నిలబెట్టి తీశారు. నేను ఆ రోజు లేను. ఉన్నా ఆపగలిగేవాణ్ణని చెప్పలేను.

విత్తనపత్తి వేసిన రైతు ఆ సాయంత్రమే తల్లి దగ్గరికి వచ్చాడట. “వాలంటీర్లు వచ్చి నా చేన్లో ఫొటోలు తీసుకొనిపోయినారు. రేపు లేబరాఫీసు వాళ్ళొస్తే నువ్వొచ్చి జవాబు చెప్తావా?” అన్నాడట. మర్నాటి నుంచి ఈ పిల్లల్ని ఆటోలో ఎక్కించి వెలుగోడు వైపు తనకున్న ఇంకో చేనికి పంపాడు. పొద్దున పోతే పొద్దుగూకే దాకా అక్కడే. అన్నం కూడా అక్కడికే. టీచరమ్మ కొన్నాళ్ళు వసారాలో చాప పరిచి కూర్చుని కూర్చుని, ఇక రావడం మానేసింది.

లెక్చరరుతో గట్టిగానే మాట్లాడాను. “మేము గవర్నమెంటు కాదని ఆ రైతుకు చెప్పొచ్చు గదంకుల్” అన్నాడు. వీపున రాసింది ఎవరు చెరుపుతారని అడిగాను. ఆ మాట అతనికి కష్టం కలిగించింది. అయినా చొక్కా మారలేదు.

మార్చిలో ఆ పిల్ల అన్ని పరీక్షలూ రాసింది. లెక్కలు పోయింది. మిగతావన్నీ మంచి మార్కులే. మిగతా పిల్లలు పరీక్షకే పోలేదు.

ఒప్పందం ప్రకారం అక్కడితో అయిపోవాలి. కానీ ఎండాకాలం చేన్లలో పని ఉండదు. టీచరమ్మ మళ్ళీ వచ్చింది, ఎవరికీ చెప్పకుండా. ఈసారి వసారాలో కాదు, ఇంట్లోనే, తలుపు దగ్గరికి వేసుకుని. తల్లి మొదట రెండు రోజులు మొహం ముడుచుకుంది. తరువాత ఆమే మజ్జిగ చేసి ఇచ్చేది. పిల్ల సప్లిమెంటరీ రాసింది.

ఫలితాల రోజు తల్లి నాకు ఫోన్ చేసింది.

“అన్నా, పాసయిందన్నా.”

మరి హాస్టల్ ఉన్న ఆడపిల్లల కాలేజీలో చేరుస్తావా అని అడిగాను. పిల్ల కోరుకున్నది అదే.

“యాడన్నా, ఆడ సీట్లన్నీ మార్చిలో పాసైనోళ్ళతోనే నిండిపోయినాయంట. ఆళ్లగడ్డ కాలేజీకి బస్సులో పోయొస్తాది. పొద్దున క్రాసింగ్‌కు కాసేపు పోయి బస్సెక్కుతా అంటాంది. ఏం జేస్తాం.” గొంతు తగ్గించింది. “అన్నా, ఒగ మాట. పాసైందని ఎవురికీ చెప్పొద్దు. ఆ వాలంటీర్లకైతే అసలే చెప్పొద్దు.”

కొన్నాళ్ళకు లెక్చరరు ఫోన్ చేశాడు. ఈ ఏడాది బ్యాగుల కార్యక్రమం ఇంకా పెద్దగా చేస్తున్నారట. కొత్త టీషర్టులు వచ్చాయట, నా సైజు పక్కన పెట్టాడట. “అంకుల్, పోయినసారి మధ్యాన్నం క్లాసులో ఒక పాప ఉండేది కదా, పాల కేంద్రం పక్కిల్లు. ఆ పాప పాసై ఉంటే స్టేజీ మీదికి పిల్చి మాట్లాడిద్దాం. నాలుగు మంచి మాటలు చెప్తాది. పాసైందా?”

జీవితమంతా అడిగినవాళ్ళకు తెలిసింది తెలిసినట్టు చెప్పడమే నా పని.

“నాకు తెలీదప్పా” అన్నాను.