దుప్పటి చివర పట్టుకో

అమెరికాలోని నోవైలో విమలకుమారి గారింటికి విరాళం అడగడానికి వెళ్ళి, పని చేయకుండా బయటపడ్డ మనిషి ఇంతవరకూ లేడు. భర్త దైవాశీర్వాదం గారు కార్ల విడిభాగాల వ్యాపారంలో సంపాదించి పెట్టిన ఫ్యామిలీ ఫౌండేషన్‌కి ఆవిడే సర్వాధికారి. డైనింగ్ టేబులే ఆఫీసు. వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, గుమ్మంలోనే "సమయానికొచ్చారు" అని చేతికేదో అందిస్తారు. ఓ ఆసుపత్రి డైరెక్టరు టై భుజం మీదికి వేసుకుని వెల్లుల్లి ఒలిచాడు. ఇంకొకాయన నడుం నొప్పి అన్నాడు. "అయ్యో పాపం, కూర్చునే చెయ్యండి" అంటూ చిక్కుడుకాయల బుట్ట ఆయన ఒళ్ళో పెట్టారు.

కొడుకు జోనాథన్ తల పట్టుకునేవాడు.

"మామ్, నేను వెబ్‌సైట్ చేశాను కదా! అందరు ఆన్‌లైన్ అప్లై చేస్తారు."

"నీ వెబ్‌సైట్ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుందా?"

ఇదంతా విని కూడా పర్సిస్ ఇస్త్రీ కోటు వేసుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళింది. కారు నడపలేని తెలుగు పెద్దవాళ్ళని డయాలసిస్‌కీ, డాక్టర్ల దగ్గరికీ తిప్పే చర్చి వ్యాన్ బాధ్యత ఆమెది. ఆ వ్యాన్ నడి చలికాలంలో చతికిలబడింది. కొత్తది రాకపోతే వాళ్ళంతా ఇళ్ళల్లో బందీలే.

చిక్కేమిటంటే, పర్సిస్ బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. అందుకని విరాళాలు అడగడం నేర్పే వెబినార్లు చూసింది. "డొనేషన్" అనకూడదట, "పార్ట్‌నర్‌షిప్" అనాలట. ఫౌండేషన్ ఇదివరకు ఎవరికిచ్చిందో తెలుసుకుని వెళ్ళాలట. అంతా వల్లె వేసింది గానీ, తలుపు తెరుచుకునేసరికి సగం మర్చిపోయింది.

"సమయానికొచ్చావమ్మా. ఆ చివర పట్టుకో."

సోఫా నిండా దుప్పట్లే. ల్యాప్‌టాప్ చెప్పుల స్టాండు మీదికి చేరింది.

"ఆంటీ, మన పార్ట్‌నర్‌షిప్..."

"గట్టిగా లాగు. వ్యాన్ రిపేరుకి రాదా?"

"ఇంజనే పోయిందాంటీ. అది మార్చే బదులు వ్యానే కొనుక్కోవచ్చు."

"అంచులు కలుపు. డ్రైవర్ రానిరోజు ఏం చేస్తారు?"

"నేనే డ్రైవ్ చేస్తాను. మొన్న కోటయ్య గారిని నా కార్‌లో తీసుకెళ్ళా. బ్రేక్ వేసినప్పుడల్లా 'ప్రభువా' అంటారాయన!"

విమలకుమారి గారు నవ్విన నవ్వుకి దుప్పటి చేజారింది. మళ్ళీ మొదటినుంచి మడిచారు. దగ్గరికి జరగడం, అంచులు కలపడం, వెనక్కి వెళ్ళడం. ఆ రాకపోకల్లో పర్సిస్, కోటయ్య గారు డయాలసిస్ తప్పిపోయి ఆయాసపడ్డ సంగతి చెప్పింది, తనకెంత భయమేసిందో చెప్పింది. చివరికి ఉప్పు అందించమన్నంత తేలిగ్గా, "మాకు వ్యాన్ కావాలాంటీ. మీరే కొనిపెట్టాలి" అనేసింది. అన్నాక గానీ తను అడిగానని ఆమెకి తెలియలేదు.

"జోనాథన్! విన్నావా?"

"విన్నాను మామ్. నాకు ఓకే!" మేడ మీదనుంచి కేక.

రిక్లైనర్‌లో కునుకుతున్న దైవాశీర్వాదం గారు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తారు. బోర్డు మీటింగ్ ముగిసింది.

గాల్లో తేలుతూ కారు దాకా వెళ్ళిన పర్సిస్‌కి ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. వెనక్కొచ్చి చూస్తే, తను ముచ్చటగా మడిచిన దుప్పట్లని విమలకుమారి గారు ఒక్కొక్కటే విదిలించి సోఫా మీద పడేస్తున్నారు.

"ఆంటీ! అంటే ఇందాక ఇవన్నీ..."

దొరికిపోయిన ఆవిడ సిగ్గుపడిపోయారు.

"ఇంకొకాయన వస్తున్నాడమ్మా. మొదట్లో అందర్నీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేదాన్ని. అడగలేక, కప్పులోకి చూస్తూ చల్లార్చేసేవాళ్ళు. చేతులు ఖాళీగా ఉంటే నోరు పెగలదు. పనిలో పడితే ఇంట్లోవాళ్ళలా అడిగేస్తారు. ఎవరికీ చెప్పకేం!"

పర్సిస్‌కి ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది. ఇంతలో బయట కారు తలుపు చప్పుడైంది. ఆమె కిటికీలోంచి తొంగి చూసి, మడత విప్పకుండా మిగిలిన పెద్ద దుప్పటి తీసి దులిపింది.

"ఇది కూడా కలపండాంటీ. మనిషి బాగా బెదిరిపోయి ఉన్నాడు."