ఎడమ సీటు గంట

తూకానికి రానిదాన్ని మా ఇంట్లో నమ్మరు. తాతల నాటి నుంచి భోపాలపట్నంలో కిరాణా కొట్టు మాది. దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను.

మా ఆవిడ సుజాతకు నెల తప్పింది. ఆసుపత్రి పరీక్షలకు జగదల్‌పూర్ దాకా బస్సులో కుదుపులెందుకని, అక్కడే ఒక పాత బండి చూశాను. చిన్న ఎస్‌యూవీ. ఇదే బండి విదేశాలకూ పోతుందని, దేశానికో రకంగా బిగిస్తారని అమ్మేవాడు చెప్పాడు. నేను టైర్లకీ రంగుకీ వంకలు పెడుతూ ధర దించుతున్నాను.

ఒక్కణ్ణే నడిపి చూశాను. పక్కన ఎడమ సీటు ఖాళీ. నా బెల్టు పెట్టుకునే ఉన్నాను. అయినా ఆ పక్క సీటుకు బెల్టు పెట్టమని గంట మోగింది. అంత పాత బండికి ఇక్కడ ఆ సీటుకు గంట ఉండదు. విదేశీ సరుకు పొరపాటున దీనికి తగిలిందనుకున్నాను. వాడికి తెలిస్తే రేటు పెంచుతాడని నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చేశాను. మా వంశంలో బేరమాడకుండా కొన్నది నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చాక చూస్తే, సీటు ఖాళీగా ఉంటేనే మోగుతోంది. సుజాత కూర్చుంటే, బెల్టు పెట్టుకోకపోయినా ఊరుకుంటోంది.

"నేను కూసుంటే సప్పుడు లేదు, లేస్తే మోగుతది. ఏందయ్యా, నేనెవరి జాగల కూసుంటున్న?" అంది. మళ్ళీ బండెక్కలేదు.

అమ్మినవాడు ఏదో అంటగట్టాడని అనుమానం. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో మెకానిక్ సీటు విప్పాడు.

"సేటూ, దీనికి తీగే లేదు. ఎట్ల మోగుతది?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "బయటి దేశాల బండికైతే స్టీరింగ్ ఈ వైపే. అక్కడ ఇది డ్రైవర్ సీటు."

నాకు నవ్వు రాలేదు. అమ్మకానికి పెట్టాను.

మద్దేడ్ నుంచి చింతపండు వ్యాపారి వచ్చాడు. గంటసేపు బండిని తిట్టాడు. తర్వాత ఒక్కడే అలా నడిపి వచ్చి, "పక్కా. నువ్వన్న రేటే" అన్నాడు.

ఆ మొహం నాకు తెలుసు. జగదల్‌పూర్‌లో నాదీ అదే మొహం.

"గంట మోగిందా అన్నా?"

"ఏం గంట?" అన్నాడు, మరీ తొందరగా.

"పక్క సీట్ల ఎవరు కూసుంటరు?"

"మా ఇంటామె. ఏం?"

తాళాలు వెనక్కి తీసుకున్నాను. బెట్టు చేస్తున్నాననుకుని ఆయనే రేటు పెంచాడు. మా నాన్న ఉంటే నన్ను కొట్లోంచి గెంటేసేవాడు.

బండి దొడ్లోనే ఉంది. ఖాళీ సీటుకు బెల్టు బిగిస్తే మోగదు. తీగ లేని గంటకు ఆ సంగతి ఎట్లా తెలుస్తోందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

పరీక్షలకు బస్సులోనే పోతున్నాం. సుజాతకు ఎడమ పక్క సీటు ఖాళీ ఉండకుండా ఎప్పుడూ నేనే కూర్చుంటాను. అడిగితే, కిటికీ గాలి కోసమంటాను.