అందరం వచ్చాం

తెరబాబాయి అసలు పేరు ట్రావెల్స్ కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. ఆయన నడిపేది కారవాన్. పొయ్యి, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న ఆ ఇల్లులాంటి బండిలోకి అద్దెకు తీసుకున్న కుటుంబం ఎక్కగానే, తన సీటు వెనకున్న తెర బర్రున లాగేసేవాడు. "లోపల వాళ్ల సంసారం వాళ్లది. మనకు రోడ్డు చాలు" అనేవాడు. అలా వచ్చిందా పేరు. పెట్టినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకున్నారు గానీ, బండి అద్దెకు తీసుకునే పార్టీలు మాత్రం ఆయన్నే అడిగి మరీ తీసుకెళ్లేవి.

సముద్రం పక్క దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఏ మలుపులో నీళ్లు ఆకుపచ్చగా కనిపిస్తాయో, ఏ కొబ్బరితోపు కింద బండి ఆపితే గాలి హాయిగా తగులుతుందో, ఎక్కడ ఇసుకలో చక్రం దిగబడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఎందరి పిల్లలకు మొదటిసారి అలలు చూపించాడో! సొంత పిల్లలకు మాత్రం కుదరలేదు. సెలవులొస్తే వాళ్లకు తీరిక, ఆయనకు గిరాకీ. చూస్తుండగానే పెద్దమ్మాయి కాలేజీకి వచ్చేసింది, చిన్నది ఎనిమిదో తరగతికి. ఆయన ఇంటికి వెళ్తే కూతుళ్లు మంచినీళ్లిచ్చి, "బాగున్నారా నాన్నా?" అని అడిగి, తమ గదిలోకి వెళ్లిపోయేవారు. ఆ మర్యాదే ఆయన్ని లోలోపల తినేసేది.

వానలకు ముందు, బేరాల్లేని వారంలో ఓనరు తాళాలు చేతిలో పెట్టాడు. "ఈసారి మీవాళ్లను తిప్పుకురావయ్యా" అన్నాడు. తెరబాబాయికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డ్రైవరుగా కాకుండా వాళ్లలో ఒకడిగా ప్రయాణం చేయాలి. ఆయన కోరుకున్నదల్లా అంతే.

అలవాటు ఊరుకుంటుందా? భార్యా పిల్లలూ ఎక్కి కూర్చున్నారో లేదో, చెయ్యి దానంతటదే వెనక్కి పోయి తెర లాగేసింది. అవతల నవ్వులు మొదలయ్యాయి. తీద్దామనుకున్నాడు. తీసి ఏం మాట్లాడాలో తోచలేదు. సరేలే, సముద్రం చూపిస్తే మాటలు అవే వస్తాయనుకుని, పార్టీలను తీసుకెళ్లే కొండ మలుపుల రోడ్డు మీదికే బండి పోనిచ్చాడు.

కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు సముద్రం చూస్తూ ఒళ్లు మరచిపోయారని తెగ మురిసిపోయాడు, పిచ్చి మనిషి. కొండ దిగి, ఇసుక అంచున బండి ఆపి తలుపు తీస్తే, పెద్దమ్మాయి తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనే బకెట్.

"ఏమైంది?"

"వాంతులు. మలుపులు దానికి పడవు కదా" అంది భార్య.

"ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచీనూ. మీకు తెలీదూ?"

పార్టీ ఏదైనా సరే, "ఎవరికైనా కడుపులో తిప్పుతుందా? మలుపుల్లేని దారిలో పోదామా?" అని అడిగాకే ఇంజన్ స్టార్ట్ చేసే మనిషి. ఇంట్లోవాళ్లను అడగాలని మాత్రం తట్టనే లేదు. మనవాళ్ల సంగతి మనకు తెలియదా అనుకున్నాడు కాబోలు.

"ఒక్క కేక వేస్తే ఆపేవాణ్ణి కదమ్మా!"

"మీరు సరదాపడి తీసుకొచ్చారు నాన్నా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని..."

చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని ఎవరంటారు? ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

గాలి తగిలాక పిల్ల తేరుకుంది. ముగ్గురూ చీలమండల లోతు నీళ్లలో నిలబడ్డారు. "నాన్నా, ఒక ఫోటో!" అని చిన్నది ఫోన్ అందించింది. తెరబాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఈ పని ఆయనకు వచ్చినంత బాగా ఎవరికొచ్చు? నాలుగడుగులు వెనక్కి వేసి, "ఇంకాస్త దగ్గరికి జరగండి. ఎండ మొహాల మీద పడాలి. ఆఁ, ఇప్పుడు నవ్వండి" అన్నాడు. ఫోటో భలే వచ్చింది. నలుగురూ తలలు దగ్గరపెట్టి చూసుకున్నారు. అందులో తాను లేడన్న సంగతి ఆయనకూ తట్టలేదు.

చిన్నది దాన్ని పిన్నికి పంపించింది. కింద "అందరం వచ్చాం" అని రాసింది. క్షణంలో జవాబొచ్చింది. ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేసింది:

"బావగారు రాలేదా?"

చదివి నాలుక కరుచుకుంది. భార్య చీర కుచ్చిళ్లకు అంటిన ఇసుక దులుపుకుంటూ తల వంచుకుంది. పెద్దమ్మాయి, "ఇలా ఇవ్వు, నేను చెప్తా" అని ఫోన్ లాక్కుని గబగబా టైప్ చేసింది. నాన్న నొచ్చుకోకూడదని, పంపేముందు ఆయనకే చూపించింది.

"వచ్చారు పిన్నీ. బండి నడిపేది ఆయనేగా!"

"బాగా రాశావమ్మా" అన్నాడు. అబద్ధమేముంది అందులో? ఖాళీ బండి తోలుకుంటూ ఎన్నో రోడ్లు తిరిగాడు గానీ, ఇంత ఒంటరిగా ఎన్నడూ అనిపించలేదు. టైర్లలో గాలి చూసొస్తానని చెప్పి బండి వైపు నడిచాడు. ఎందుకు ఇప్పుడు అని ఎవరూ అడగలేదు.